బిళ్ళగన్నేరు సాక్ష్యం

ఈ మధ్య నన్ను పలకరించేవాళ్ళు ముందు నా కుడి పాదం వైపు చూసి, ఆ తరువాత ముఖం వైపు చూస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టను. పొద్దున లేవగానే నేనూ మొదట దాన్నే చూసుకుంటాను. కానీ నేనీ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది పాదం కోసం కాదు. పదిమందిలో నిలబడి నేను చెప్పిన ఒక మాట, నా నోరు దాటి, నేనెన్నడూ చూడని ఇళ్ళలోకి చేరింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. ఏడాదిగా ఆ పనిలోనే ఉన్నాను, ఇంకా పూర్తి కాలేదు.

మేము సంగారెడ్డిలో చర్చి కాంపౌండు క్వార్టర్సులో ఉంటాం. అక్కడి చిన్న బడిలో నేను టీచరును. మా ఆయన సామ్యేలు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. పొద్దున ఏడింటి బస్సుకు పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు వస్తారు. మాకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ సంగతి ఎత్తి జాలిపడబోతే నేను వాళ్ళను పెరట్లోకి తీసుకుపోయి మొక్కలు చూపించి మాట మార్చేదాన్ని.

తోట విషయంలో నాకొక పట్టుదల ఉంది. అందం లేని మందుమొక్కను పెట్టను, మందుకు పనికిరాని పూలమొక్కనూ పెట్టను. ఒట్టి సోకులాడులకు నా పెరట్లో చోటు లేదని అనేదాన్ని. దగ్గుకు అడ్డసరం, అది తెల్లగా పూస్తే కంచె అంతా నిండుగా ఉంటుంది. కళ్ళమంటకు నందివర్ధనం. తలకు మందారం. నీలం శంఖుపూల తీగ కిటికీకి పాకించాను. తులసి కూడా ఉంది. క్రైస్తవుల ఇంట్లో తులసి ఏందని ఒకరిద్దరు సణిగితే, జలుబు ఏ గుడికి పోతావని అడిగి పట్టుకోదు గదా అన్నాను. వాళ్ళే ఆ తరువాత పిల్లలకు దగ్గొస్తే గిన్నె పట్టుకుని వచ్చారు. నన్ను ఆకుల టీచరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో దేవునికే తెలుసు. ఇప్పుడు వింటే ఒళ్ళు ముడుచుకుపోతుంది.

అన్నిటిలోకీ నా ముద్దుల మొక్క బిళ్ళగన్నేరు. గులాబీరంగువి, తెల్లవి, తెలుపులో ఎర్రబొట్టు ఉన్నవి, మూడు రకాలూ ఉండేవి. ఒకరోజు నీళ్ళు మరిచినా అలగదు. మేకలు ముట్టవు. మండు వేసవిలో అన్నీ తలవాల్చినా అది పూస్తూనే ఉంటుంది. చక్కెర వ్యాధికి దాని ఆకు మంచిదని మా వైపు చాలామంది అంటారు. నాకు ఆ రోగం వచ్చేదాకా ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

1973లో దసరా సెలవులకు ముందు రోగం బయటపడింది. కనిపెట్టింది డాక్టరు కాదు, రెండో తరగతి పిల్ల. "టీచర్, కుండల నీళ్ళన్ని మీరే తాగుతున్నరు, మాకు మిగుల్తలేవు" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక కూజా ముందు పెట్టుకుని, రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతున్నానో లెక్కపెట్టాను. మా అమ్మకు కూడా మొదట ఇట్లాగే దాహం. చివరికి కాలి పుండుతోనే పోయింది. ఆ పుండు కట్టు మార్చేటప్పుడు గిన్నె పట్టుకుని నిలబడింది నేనే.

మా ఆయన ఫ్యాక్టరీ దవాఖానకు తీసుకుపోయారు. బెంచీ మీద నా పక్కన వేలు నలిగినవాళ్ళు, కంట్లో రవ్వ పడ్డవాళ్ళు కూర్చున్నారు. అందరి దెబ్బా పైకి కనిపిస్తోంది, నాదొక్కటే లోపల. నా వంతు ఎంత ఆలస్యమైతే అంత మంచిదనిపించింది. డాక్టరు మాత్రలు రాశాడు, తిండి తగ్గించమన్నాడు, మూత్రం పరీక్ష ఇంట్లోనే ఎట్లా చేసుకోవాలో చూపించాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుకరంగు. రంగు ముదిరినకొద్దీ చక్కెర ఎక్కువ. మా ఆయన ప్రతి శనివారం సాయంత్రం అరుగు మీద దీపం వెలిగించి కూర్చునేవారు. నేను లోపల తలుపు పక్కన నిలబడి రంగు చెప్పేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. పసుపు వచ్చేది, ఒక్కోసారి ఆకుపచ్చ. ఆ శనివారాల భయం నన్ను రోగం కంటే ఎక్కువ తిన్నది.

1974 ఫిబ్రవరి నెలాఖరున శ్రమకాలం మొదలైంది. ఈస్టరు ముందటి నలభై దినాలు మేము ఉపవాసం ఉంటాం. ఒంట్లో బాగోనివాళ్ళకు అయ్యగారు మినహాయింపు ఇస్తారు. మా పాస్టరును మేము అయ్యగారంటాం. నాకు ఆ మినహాయింపు నామోషీ అనిపించింది. మొదటి రోజు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా బడికి పోయాను. పదకొండింటికి కళ్ళు తిరిగి బోర్డు పట్టుకుని నిలబడ్డాను. చెమటలు పట్టాయి. ఉపవాసమన్నా మానాలి, మాత్రన్నా మానాలి. నేను మాత్ర మానేశాను. దాని బదులు పొద్దున్నే పది బిళ్ళగన్నేరు ఆకులు నూరి, నీళ్ళలో కలిపి, కళ్ళు మూసుకుని తాగాను. ఆ చేదు మధ్యాహ్నం దాకా నాలుక మీదే ఉండేది. చేదుగా ఉంది కాబట్టి పని చేస్తుందని నమ్మకం కూడా కలిగింది.

ఆ నలభై దినాలూ పొద్దంతా పస్తు. సాయంత్రం ప్రార్థన తరువాత ఒక జొన్నరొట్టె, ఏదో ఒక ఆకుకూర. అన్నం లేదు, మాంసం లేదు, చక్కెర వేసిన చాయ లేదు. రెండో శనివారం మా ఆయన అరుగు మీది నుంచి కేక వేశారు.

"సుగుణా, జల్దీ రా. నీలం!"

పరుగెత్తుకుంటూ వచ్చి చూశాను. మందు పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ మరుసటి శనివారమూ నీలమే. ఈస్టరు వరకూ నీలమే. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను పెరట్లోకి పోయి ఆ మొక్కల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. మా అమ్మకు దొరకనిది నాకు దొరికిందని ఏడ్చాను.

పస్తు వల్ల చక్కెర తగ్గిందేమోనన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. ఉపవాసం ఆత్మ కోసమనీ, ఆకు ఒంటి కోసమనీ మేము రెంటినీ వేరువేరుగా చూశాం. చదువుకున్నవాళ్ళమే, అయినా చూడలేదు.

ఈస్టరు తరువాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు మనకు చేసిన మేలు లేచి నిలబడి అందరికీ చెప్పడం మాకు అలవాటు. నేను లేచాను. గులాబీరంగు బిళ్ళగన్నేరు కొమ్మ ఒకటి చేతిలో పట్టుకుని మరీ లేచాను. "మన గడప ముందర పూసే ఈ పువ్వులనే దేవుడు మందు పెట్టిండు. నేను మాత్రలు విడిచిపెట్టిన. నాకు నయమైంది" అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అన్నారు. క్లాసులో పాఠం బాగా వచ్చినప్పుడు కలిగే గర్వం లాంటిదే అప్పుడూ కలిగింది, కాకపోతే దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజు బయట నా చెయ్యి పట్టుకుని వదలనిది సుందరమ్మక్క. ఆమె మా చర్చి బైబిలు స్త్రీ. సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఇళ్ళలో వాక్యం చెప్పడం, రోగుల కోసం ప్రార్థన చేయడం ఆమె పని. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఈ ఊళ్ళో నాకు తోబుట్టువు ఎవరంటే ఆమే. ఆమెకూ చక్కెర ఉంది, నాకంటే ముందు నుంచీ మాత్రలు వేసుకుంటోంది.

"నాకు గూడ ఇయ్యి సుగుణా. నీ చేతితోనే ఇయ్యి" అంది.

ఇచ్చాను. వారానికి సరిపడా ఆకు, ఒక పొట్లంలో విత్తులు కూడా. ఎట్లా నూరాలో, ఎన్ని తాగాలో డాక్టరమ్మలా చెప్పాను.

ఏప్రిల్ గడిచి మే వచ్చింది. సెలవులు. ఉపవాసం అయిపోయింది కాబట్టి అన్నం మామూలే, ఆదివారం మాంసం మామూలే. మామిడిపండ్లు బుట్టలతో వచ్చాయి. నయమైన మనిషిని గదా, తిన్నాను. సాక్ష్యం చెప్పిన తరువాతి శనివారమే మా ఆయన దీపం తీస్తే అడ్డుపడ్డాను.

"సాక్ష్యం చెప్పినంక ఇంకా పరీక్ష ఏందండీ? దేవుని మీద నమ్మకం లేదని చెప్పుకున్నట్టు గాదా?"

"ఒక్కసారి చూస్తే ఏం పోతది?"

"నమ్మకం పోతది" అన్నాను.

ఆయన గాజు గొట్టాన్ని గుడ్డలో చుట్టి అలమరలో పెట్టేశారు. నిజం చెప్పాలంటే అది నమ్మకం కాదు, భయం. చూస్తే ఏ రంగు వస్తుందోనని భయం. పదిమందిలో చెప్పిన మాట అబద్ధమైతే ఏ ముఖం పెట్టుకుని తిరగాలని భయం. భయపడేవాళ్ళే ఎక్కువ మొండిగా ఉంటారు, నన్ను చూసి తెలుసుకోండి. దాహం మళ్ళీ మొదలైతే ఎండలని అన్నాను. అరికాళ్ళు మొద్దుబారితే వయసని అన్నాను.

జూన్‌లో తొలకరి పడ్డాక, బడి తెరిచే ముందు పెరట్లో మొక్కలు మార్చి నాటుతున్నాను. చెప్పుల్లేకుండా మట్టిలో తిరగడం నాకు అలవాటు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే కుడికాలి చిటికెన వేలు కింద నిమ్మముల్లు విరిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి సంతోషించాను కూడా. ముల్లు లాగేసి, పిల్లలు పలకలు తుడుచుకునే గడ్డిచామంతి ఆకు నలిపి కట్టాను. దెబ్బలకు అది మంచిదేనని అందరికీ తెలుసు. నాలుగు రోజులు కట్టు విప్పలేదు. విప్పినప్పుడు వేలు నల్లగా ఉంది, పక్క వేలు ఉబ్బి మెరుస్తోంది. వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పుడు గిన్నె పట్టుకుని నిలబడ్డప్పటి వాసన.

మా ఆయన పాదం చూసి లేచారు. అలమర తెరిచి, గుడ్డ విప్పి, దీపం వెలిగించారు. మందు కాగీ కాగకముందే ఇటుకరంగుకు తిరిగింది. నేను తలుపు పక్కన నిలబడి చూశాను. ఆయన దీపం ఆర్పి, "చీర మార్చుకో" అన్నారు. అంతే.

సంగారెడ్డి దవాఖానలో ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నారు. డాక్టరు పాదం ఒత్తి చూసి, కాలి మీద చెయ్యి పెట్టి వేడి చూసి, "మాత్రలు ఎవరు ఆపమన్నరమ్మా?" అని అడిగాడు. నేను మొక్క గురించి చెప్పాను, నలభై దినాల నీలం రంగు గురించి చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆకు చక్కెరకు పనికొస్తదో రాదో నాకు తెల్వదు. కానీ మీరు నలభై రోజులు అన్నం మానిన్రు గదా టీచరమ్మా. రాళ్ళు నూరుకొని తాగినా నీలమే వస్తుండె."

ఆ మాట నేరుగా వచ్చి గుండెలో పడింది. ఇంత చిన్న సంగతి. రెండో తరగతి పిల్ల అడిగినా చెప్పగలిగే సంగతి.

తరువాత ఆయన నర్సమ్మతో చెప్పి కలం తెప్పించాడు. చీలమండ పైన, ఎర్రదనం ఎక్కడి దాకా ఉందో అక్కడ చుట్టూ గీత గీయించాడు. సూదులు మొదలుపెడుతున్నామనీ, రెండు మూడు రోజులు చూస్తామనీ, వేళ్ళు ఎట్లాగూ దక్కవనీ చెప్పాడు. ఎర్రదనం గీత కిందికి దిగితే వేళ్ళతో పోతుంది. గీత దాటి పైకి పోతే మోకాలి కింద తియ్యాలి. మా ఆయన మంచం పక్కన నిలబడి వింటున్నారు. ఆయన చేతిలో నా చెప్పులు ఉన్నాయి. ఎందుకు పట్టుకున్నారో ఆయనకూ తెలియదనుకుంటాను.

ఆ మూడు రోజులు ఎట్లా గడిచాయో ఆ బాధలో ఉన్నవాళ్ళకు చెప్పాలి. జ్వరం కంటే, సూదుల కంటే ఆ గీతే కష్టం. చూడకుండా ఉండలేను, చూడటానికి ధైర్యం లేదు. దుప్పటి ఎత్తి, మళ్ళీ కప్పేసేదాన్ని. పక్క మంచంలో హత్నూర నుంచి వచ్చిన పోచమ్మ ఉండేది. బర్రె తన్ని కాలు విరిగింది. రెండుసార్లు నా అవస్థ చూసి, మూడోసారి తనే అడిగింది.

"ఏందమ్మా గట్ల సూస్తున్నవ్, అండ్ల ఏమున్నది?"

చెప్పాను. "గింతేనా? నువ్వు సూడకు. నేను సూసి చెప్త" అంది. ఆమె మంచం మీది నుంచి వంగితే నా కాలు కనిపిస్తుంది. అప్పటి నుంచి గంటకొకసారి దుప్పటి కొస ఎత్తి చూసి చెప్పేది. "దాటలే టీచరమ్మా. ఉన్న కాడనే ఉన్నది." ఆ మాట వింటే నాకు గంటసేపు ఊపిరి ఆడేది.

మా ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నారు. పాలు పట్టారు, ఒళ్ళు తుడిచారు, కానీ మాట లేదు. రెండో రోజు పొద్దున నేను బతిమాలితే ఒక్కసారి బయటపడ్డారు.

"నీ మీద కాదు కోపం, నా మీద. గొట్టం నా చేతిలున్నది. నువ్వు వద్దంటే లోపల పెట్టిన. నీతో లొల్లి ఎందుకని పెట్టిన" అన్నారు. ముప్పై ఏళ్ళ సంసారంలో ఆయన తనను తాను అట్లా తిట్టుకోవడం నేను మొదటిసారి విన్నాను.

ఆ మధ్యాహ్నమే సుందరమ్మక్క వచ్చింది. ఇస్నాపూర్ వైపు ఊళ్ళు తిరిగి వారం తరువాత ఆ రోజే వచ్చిందట, నా సంగతి విని అటే దవాఖానకు వచ్చింది. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ప్రార్థన మధ్యలో ఆమె నాలుక పొడిబారి తడబడింది. కళ్ళు తెరిచి చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి, రవిక భుజాల మీద వదులైంది. ప్రార్థన కాగానే నా కూజా ఎత్తి సగం తాగేసింది.

"ఎండల తిరిగిన గదా" అంది. "ఏమైందే నీకు? ముల్లంట గదా?"

అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చింది. పక్కన మా చర్చివాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు, పండ్లు తెచ్చారు. "అవునక్కా, ముల్లు. పట్టించుకోలే, అంతే" అన్నాను.

"నీ ఆకు తాగుతనే ఉన్న. మాత్రలు పక్కకు పెట్టిన. దేవుడు నీకు చేసింది నాకు చెయ్యడా?" అని నా చెంప నిమిరి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. నా కాలు పోతే నా తప్పుకు పోయింది. ఆమె కాలు, ఆమె కళ్ళు పోతే? నేను సిగ్గుపడ్డ ఆ ఒక్క నిమిషానికి ఆమె ఎంత కట్టాలి? పోచమ్మ "దాటలే, దాటలే" అంటున్నా నాకు వినిపించలేదు. సాయంత్రమే మా ఆయనను పంపించాను. ఆమె ఇంట్లో లేదు, ఎవరికో ఒంట్లో బాగోలేదని పోయిందన్నారు. మరునాడు పది గంటలకు వచ్చింది. అప్పటిదాకా నేను గోడ మీది సున్నం పెచ్చులు చూస్తూ పడుకున్నాను.

ఈసారి ఎవరున్నారో చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకుని దుప్పటి తీసేశాను. "అక్కా, ఇది ముల్లు కాదు. ఇది నేను చెప్పిన సాక్ష్యం. నీలం వచ్చింది ఆకుతోటి కాదు, పస్తుతోటి. నేను మళ్ళ పరీక్ష చేసుకోలే. నిన్న నీకు అబద్ధం చెప్పిన. ఇయ్యాల్నే మాత్రలు మొదలుపెట్టు" అన్నాను.

ఆమె వంగి నా పాదాన్ని చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మంచం పట్టీ మీద మెల్లగా కూర్చుంది.

"సుగుణా, నేను ఒక్కదాన్నే గాదు" అంది.

అర్థం కాలేదు.

"ఊర్లల్ల చెప్పిన. చక్కెర రోగమున్నోళ్ళు ఎక్కడ కనవడితే అక్కడ నీ సాక్ష్యమే చెప్పిన. విత్తులు గూడ ఇచ్చిన. టీచరమ్మ చెప్పిందంటే అందరు నమ్మిన్రు."

ఆమె పని అదే. మంచి మాటను ఇల్లిల్లూ మోసుకుపోవడం. ముప్పై ఏళ్ళుగా ఆమె చేస్తున్నది అదే, నేను ఇచ్చినదాన్నీ అట్లాగే మోసుకుపోయింది. నాకు అది తట్టనేలేదు.

నాలుగో రోజు డాక్టరు గీత చూసి తల ఊపాడు. ఎర్రదనం దిగింది. రెండు వేళ్ళు తీసేశారు, పాదం దక్కింది. మత్తు దిగాక పోచమ్మ చెప్పింది: "రెండో దినం పగటీలి ఒక వేలంత దాటిందమ్మా. నర్సమ్మకు పిలిచి చెప్పిన. నీకు మాత్రం చెప్పలే. చెప్తె నువ్వు బతకకపోతుంటివి." నేను ఆమె చెయ్యి రెండు కళ్ళకూ అద్దుకున్నాను. ఇప్పటికీ నా ప్రార్థనలో ఆమె పేరుంటుంది.

ఇంటికి వచ్చేసరికి జులై అయిపోయింది. మా ఆయన బిళ్ళగన్నేరు మొక్కలన్నీ పీకేద్దామన్నారు. వద్దన్నాను. అవి ఏ పాపం చేశాయి? పూస్తాయి, అంతే. మందు అని పేరు పెట్టి నా గర్వాన్ని వాటికి తగిలించింది నేను. అయితే కంచె దగ్గరికి ఆకు కోసం వచ్చినవాళ్ళకు ముందు నా పాదం చూపించడం మొదలుపెట్టాను. దగ్గుకు అడ్డసరం ఇప్పటికీ ఇస్తాను, కానీ డాక్టరుకు చూపించావా అని అడిగాకే.

ఆగస్టులో అయ్యగారిని అడిగాను, చర్చిలో మళ్ళీ నిలబడతానని. ఆయన ఇబ్బందిపడ్డారు. "పొరపాటైందని సాక్ష్యం చెప్తరా ఎవరన్న? నలుగురికి చెప్పుకుంటే సరిపోతది గదమ్మా" అన్నారు. మొదటిదానికి అందరి ముందు నిలబెట్టారు గదా అయ్యగారూ అన్నాను. ఆ ఆదివారం కర్ర పట్టుకుని లేచాను. ఈసారి స్తోత్రం అన్నవాళ్ళు లేరు. పూర్తయ్యేసరికి చెమటతో చీర తడిసిపోయింది. కానీ ఆ సాయంత్రం మా అరుగు మీదికి ఇద్దరు ఆడవాళ్ళు కొంగు కింద సీసాలు దాచుకుని వచ్చారు. మా ఆయన దీపం వెలిగించారు. ఇద్దరివీ ఇటుకరంగే. వాళ్ళు తాగుతున్నట్టు నాకు తెలియనే తెలియదు.

సుందరమ్మక్కకు మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. ఎడమ కన్ను కొంచెం మసకబారింది, మిగతా అంతా దారిలో పడింది. తిడుతుందేమోనని ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను. ఆమె తిట్టదు. తను ఎవరెవరికి చెప్పిందో గుర్తు తెచ్చుకుని ఇళ్ళ జాబితా రాయించింది. ఆ ఏడాదంతా, నేను కర్రతో నడవగలిగినప్పటి నుంచి, ఆదివారం ఆరాధన కాగానే ఆమె, నేను, మా ఆయన ముగ్గురం బస్సెక్కేవాళ్ళం. ఆమె సంచిలో బైబిలుతో పాటు స్పిరిట్ దీపం. ఒక ఇంట్లో కుక్కను ఉసిగొల్పారు. ఒక ఇంట్లో ముసలాయన నా పాదం చూసి కన్నీళ్ళు పెట్టుకుని, తన కాలి కట్టు విప్పి చూపించాడు. ఆయనను వెంటబెట్టుకునే దవాఖానకు పోయాం. జాబితాలో ఒక్కో పేరుకూ గీత పెడుతూ వచ్చాం.

జాబితాలో చివరిది పటాన్‌చెరు దగ్గరి చిట్కుల్. ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్ళకు కిరాయికిచ్చే గదుల వరుసలో ఒక ఇల్లు. శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు పని కోసం వచ్చిన ముసలమ్మ అని మాత్రమే సుందరమ్మక్కకు గుర్తు. పేరు అడగలేదట. మేము పోయేసరికి తలుపుకు తాళం. గడప పక్కన నూనె డబ్బాలో బిళ్ళగన్నేరు. కొమ్మలకు కింది నుంచి పై దాకా ఒక్క ఆకు లేదు. అన్నీ తెంపిన గుర్తులే. చివర్న మాత్రం గులాబీరంగు పూలు రెండు ఉన్నాయి.

గదుల ఆసామి భార్య బయటికి వచ్చింది.

"వాళ్ళు ఖాళీ చేసి పోయి పదిహేను దినాలైతుంది. కొడుకు పని పోయింది. ఎక్కడికి పోయిన్రో ఎవలకు ఎరుక?"

"ముసలమ్మ ఎట్ల ఉండె?" అని అడిగాను.

"మంచిగనే ఉండె. కాలుకు జెర పుండైతే గుడ్డ కట్టుకొని తిరుగుతుండె. ఆ చెట్టంటే పానం ఆమెకు. పొయ్యేటప్పుడు ఇత్తులన్ని కొంగుకు ముడేసుకొని పోయింది. ఏడికి పోయినా పెట్టుకుంటనన్నది."

అప్పటి నుంచి ఆమె నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. మా ఆయన ఫ్యాక్టరీలన్నిటి గేట్ల దగ్గరా అడిగారు. సుందరమ్మక్క ఇప్పటికీ ప్రతి ఊళ్ళో అడుగుతుంది. ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే ఇది రాస్తున్నాను. మీ వీధిలోకి కొత్తగా వచ్చిన ఇంట్లో, గడప పక్కన బిళ్ళగన్నేరు పెంచుకుంటూ, కాలికి గుడ్డ కట్టుకుని తిరిగే ముసలమ్మ ఉంటే, ఆమెను ఈ రోజే దవాఖానకు తీసుకుపోండి. రానంటుంది, ఆకు తాగుతున్నానంటుంది. ఆ ఆకు చెప్పిన సంగారెడ్డి టీచరమ్మే వద్దంటోందని చెప్పండి.